చూరుకు కట్టిన కట్టు

మొన్నటి వానకు మా ఇంటి ప్లాస్టిక్ గట్టరు అతుకు దగ్గర ఊడిపోయి, నీళ్లన్నీ సరిగ్గా గడప మీద పడటం మొదలైంది. మొయినాబాద్ రోడ్డు మీది హార్డ్‌వేర్ షాపుకు వెళ్లి అడిగితే, అక్కడి అబ్బాయి ఒక గమ్ము డబ్బా నా చేతిలో పెట్టి, "అమ్మా, ఇది టెంపరరీనే. పర్మినెంటుగ కావాల్నంటే మొత్తం మార్చాలె" అన్నాడు. ఆ రెండు మాటలూ ఒక్క నోటి నుంచి అంత తేలిగ్గా వచ్చేసరికి నాకు మా పెద్దబాపు గుర్తొచ్చాడు. డబ్బా పట్టుకుని షాపు ముందున్న బల్ల మీద కాసేపు కూర్చుండిపోయాను. నాకు కళ్లు తిరిగాయనుకుని ఆ అబ్బాయి మంచినీళ్లు తెచ్చిచ్చాడు.

పెద్దబాపు మా బాపుకు అన్న. చేవెళ్లలో ఉండేవాడు. మా ఊరు కనకమామిడిలో పెద్ద బడి లేక నన్ను వాళ్లింట్లో ఉంచి చదివించారు. వాళ్లకు పిల్లల్లేరు. ఆయన చేవెళ్లకు అవతల ఒక పల్లె దవాఖానలో కంపౌండరు. అదీ టెంపరరీ కంపౌండరు. రోజూ సైకిల్ మీద పోయి వచ్చేవాడు. తెల్ల చొక్కా జేబు మీద టించరు మరక ఒకటి శాశ్వతంగా ఉండేది. ఆయన బతుకులో పర్మినెంటు అయింది ఆ మరక ఒక్కటేనని పెద్దమ్మ ఎగతాళి చేసేది.

ఆయనకు ప్రపంచమంతా రోగుల వరసే. మంచం కోడు ఊగినా, సైకిల్ గొలుసు తెగినా, కోడి కుంటినా ముందు వంగి చూసి, "ఎప్పటి సంది?" అని అడిగేవాడు. ఏదైనా సరే ముట్టుకునే ముందు చేతులు కడిగేవాడు, ముట్టుకున్న తర్వాత మళ్లీ కడిగేవాడు. బాగవుతుందని మాత్రం ఎప్పుడూ అనేవాడు కాదు. "తగ్గుతది" అనేవాడు. జ్వరం తగ్గుతది, ఎండ తగ్గుతది, చక్కెర ధర తగ్గుతది. నాకు లెక్కల్లో సున్నా వస్తే కూడా ఆ కాగితం తిరగేసి చూసి తగ్గుతది అన్నాడు. ఇంకేం తగ్గుతుందో నాకు అర్థం కాలేదు.

వాళ్లది మట్టి గోడల ఇల్లు, పైన గూనపెంకులు. వెనక పక్క పొరుగింటి గోడకూ వీళ్ల వంటింటి గోడకూ మధ్య మనిషి అడ్డంగా పట్టేంత సందు మాత్రమే ఉండేది. కప్పు మీది నీళ్లు ఆ సందులో పడితే పొరుగు గోడకు కొట్టుకుని తిరిగి మన మట్టి గోడను నాకేస్తాయి. అందుకని చూరు కింద పొడుగ్గా ఒక రేకు దోనె కట్టి, నీళ్లను వాకిట్లోకి మళ్లించారు. ఆ దోనె ఆయన తండ్రి కాలం నాటిది. తుప్పు పట్టి జల్లెడయింది. కొత్తది చేయించుకోలేనంత పేదవాడేమీ కాదు ఆయన. చేయించుకోకూడదు, అంతే. దాని వెనక ఒక మొక్కు ఉంది.

మా సంఘంలో కోత పండుగ నాడు ఒక అలవాటు ఉండేది. అందరూ తలొక గుమ్మడికాయో, కోడిపుంజో, కొత్త వడ్లో తెచ్చి చర్చిలో పెట్టేవాళ్లు. ప్రార్థన అయ్యాక, కోరిక ఉన్నవాళ్లు లేచి నిలబడి, అది తీరితే ఏమిస్తారో అందరి ముందూ చెప్పుకునేవాళ్లు. ఒకరు కోడలి కాన్పు సుఖంగా అయితే గొర్రెపిల్లను ఇస్తామనేవాళ్లు, ఇంకొకరు బావిలో నీళ్లు పడితే చాపలు కొనిస్తామనేవాళ్లు. అరవై తొమ్మిది గొడవలకు ముందటి చలికాలం. ఆ పండుగ నాడు పెద్దబాపు లేచాడు. ఆయన ఎప్పుడూ లేచే మనిషి కాదు కనుక అందరూ వెనక్కి తిరిగి చూశారు.

చర్చికి అప్పట్లో రేకుల కప్పు. వాకిలి మీది దోనె చినిగి, వానాకాలం లోపలికి వచ్చే ప్రతివాడికీ మళ్లీ బాప్తిస్మం ఇచ్చేది. పెద్దబాపు గొంతు సవరించుకుని, "నాకు పర్మినెంటు అయితె ఈ చర్చికి కొత్త దోనె చేపిస్త" అన్నాడు. అని కూర్చోబోయాడు. సగం వంగినవాడు ఏమనుకున్నాడో మళ్లీ లేచి, "అప్పటిదాంక మా ఇంటికి కొత్తది పెట్ట. దేవునింటికి పెట్టినంకనే మాకు" అన్నాడు. పెద్దలు ఆమెన్ అన్నారు. ఆడవాళ్ల వైపు నా పక్కన కూర్చున్న పెద్దమ్మ కొంగు ముఖం మీదికి లాక్కుంది.

ఇంటికి వస్తుంటే ఆమె అడిగింది. "సగం కూసున్నోనివి మల్ల ఎందుకు లేసినవ్?"

"గంత అల్కగ అడిగితె దేవుడెందుకు ఇంటడు?" అన్నాడాయన.

ఆ రెండో మాట ఎవరూ అడగలేదు. దాన్ని ఆయనే తెచ్చి తన ఇంటి మీద పెట్టుకున్నాడు. అప్పుడు నాకు నవ్వొచ్చింది. చిన్నపిల్లను, ఆ మాట ఎంత బరువో తెలియదు.

చలి తగ్గేలోపు ఉద్యమం వచ్చింది. బడి మూసేశారు. బస్సులు ఒకరోజు వస్తే ఒకరోజు రావు. కనకమామిడికి పోలేక నేను చేవెళ్లలోనే ఉండిపోయి, పెద్దమ్మతో కూర్చుని బియ్యంలో రాళ్లు ఏరేదాన్ని. రోడ్డు మీద పిల్లలు జై తెలంగాణ అని అరుస్తూ పోయేవాళ్లు. మన కొలువులు మనకేనన్న మాట కల్లు దుకాణం నుంచి చర్చి మెట్ల దాకా ఎక్కడ విన్నా అదే. పెద్దబాపు ఊరేగింపుల్లోకి పోలేదు. నినాదం చేయడానికి ఆయన గొంతు లేవదు. కానీ సైకిల్ దిగి, ఊరేగింపు వెళ్లిపోయేదాకా రోడ్డు పక్కన నిలబడేవాడు, చర్చిలో పాట పాడేటప్పుడు నిలబడ్డట్టే. ఏటేటా ఆయన కుర్చీలోకి పైనుంచి ఎవరినో పంపుతారని పుకారు వచ్చేది. ఈసారి ఆ కుర్చీ తనదే అవుతుందని ఆయన గట్టిగా నమ్మాడు.

ఒక మధ్యాహ్నం నలుగురు పిల్లలు ఒక కాలేజీ పిల్లవాణ్ని రెక్కలు పట్టుకుని ఇంటికి తీసుకొచ్చారు. లాఠీ దెబ్బకు నుదురు చిట్లింది. పెద్దబాపు చేతులు కడుక్కుని వచ్చి వంగి, "ఎప్పటి సంది?" అన్నాడు. అంత నెత్తుట్లోనూ ఆ పిల్లవాడు నవ్వాడు. "ఇప్పుడే పెద్దబాపు, బస్టాండు కాడ" అన్నాడు. ఆయన గాయం కడిగి, మందు రాసి, కట్టు కట్టాడు. ఆయన కట్టు కడుతుంటే చూడాలనిపించేది. గుడ్డను వేళ్ల మధ్య నుంచి వదులుతూ, ఎక్కడా బిగుసుకోకుండా, ఎక్కడా జారకుండా చుట్టేవాడు. చివరి ముడి వేస్తూ మెల్లగా అడిగాడు.

"కొలువులు మనకు వస్తయా బిడ్డా?"

"రాక ఏడికి పోతయి? ఇగ ఎన్నో దినాలు లేదు పెద్దబాపు."

"టెంపరరీ వాళ్లకు గూడ?"

"ముందుగాల వాళ్లకే."

ఆ పిల్లవాడికి ఏం తెలుసు? తల పగిలి ఉన్నవాడు తలకు తోచింది చెప్పాడు. పెద్దబాపు మాత్రం ఆ సాయంత్రం వెనక సందులోకి పోయి చాలాసేపు చూరు వైపు చూసి వచ్చాడు. "జర ఓపిక పట్టు, ఈ వానకాలమొక్కటి" అని పెద్దమ్మతో అన్నాడు.

వానలు రాగానే దోనెకు వైద్యం మొదలైంది. కొత్తది పెట్టనన్నాడు కానీ పాతదానికి కట్టు కట్టనని అనలేదు కదా. దవాఖాన గుడ్డ ముట్టుకునేవాడు కాదు, అది సర్కారుది. పెద్దమ్మ పాత చీరలు చింపి, నీళ్లలో ఉడకబెట్టి ఆరేసి, కరిగిన డాంబరులో ముంచి కారే చోటల్లా చుట్టేవాడు. దోనెకు క్రిములు పడతాయా, ఉడకబెట్టడం ఎందుకని అడిగితే, "అలవాటు" అన్నాడు. నిచ్చెన దిగుతూ, పైకి చూసి, "రెండు దినాలు తడ్వొద్దు" అనేవాడు.

"దోనెకు చెప్తున్నవా, వానకు చెప్తున్నవా?" అని కింద నుంచి పెద్దమ్మ.

"ఎవరింటె వాళ్లకు."

ఎవరూ వినలేదు. ఒకచోట కడితే ఇంకోచోట కారేది. వానాకాలం సగానికి ఆ దోనె పెద్ద ప్రమాదంలోంచి బయటపడ్డ మనిషిలా అంతటా కట్లతో వేలాడింది. లోపల వంటింటి గోడ మీద చెమ్మ నడుము ఎత్తు దాకా పాకింది. పెద్దమ్మ రోజూ చేత్తో తట్టి చూసేది. వేళ్లకు మెత్తటి మట్టి అంటుకునేది.

ఉండబట్టలేక నేనొకసారి అడిగాను. "పెద్దబాపు, పర్మినెంటు కాకముందె చర్చికి దోనె పెట్టేస్తె అయిపాయె గద. మనం గూడ పెట్టుకోవచ్చు."

ఆయన సైకిల్ తుడుస్తున్నవాడు ఆగి నా వైపు చూశాడు. కోపం లేదు. "అట్ల పెడితె పర్మినెంటు వద్దు అన్నట్టె గద బిడ్డా" అన్నాడు.

అప్పటికి నాకది మూర్ఖత్వంగా తోచింది. ఇప్పుడు తలచుకుంటే భయం వేస్తుంది. ఆశ వదులుకుంటే తప్ప ఆ ఇల్లు నిలబడదు. ఆశ వదులుకోవడం ఆయనకు చేతకాదు.

గోడ ఒక పగటిపూటే కూలింది. పెద్దమ్మ పొయ్యి మీది పప్పు దించుతోంది. గోడ ముందు చిన్నగా గొణిగినట్టు చప్పుడైంది, తర్వాత అడుగుభాగం నానిన రొట్టెలా జారి, పైభాగం పొయ్యి మీదికి వచ్చింది. ఆమె వెనక్కి తప్పుకుంది కానీ కుడి పాదం మట్టి కింద చిక్కుకుంది. ఇరుగుపొరుగు వచ్చి మట్టి తోడి ఆమెను బయటికి లాగారు. దవాఖాన నుంచి పెద్దబాపు వచ్చేసరికి ఆమె అరుగు మీద గోడకు ఆనుకుని కూర్చుని ఉంది. ఆయన చేతులు కడుక్కున్నాడు. వంగి పాదం పట్టుకున్నాడు. ఆయన నోటికి వచ్చే ఆ మొదటి మాట ఆవేళ రాలేదు. మొదటిసారి ఆయన కట్టు వదులైంది.

పెద్దమ్మ ఏడవలేదు. "దేవునికి మాటిచ్చింది నువ్వు. నేనియ్యలే. నానేది మాత్రం నేను" అంది.

"మనిద్దరం ఒకటే గద" అన్నాడాయన.

"గా ముచ్చట లేసి నిలబడేటప్పుడు యాదికుంటె మంచిగుండు."

పట్నం తీసుకుపోదామంటే ఆ వారం బస్సులు బందు. పాదం వంకరగా అతుక్కుంది. పెద్దమ్మ బతికినన్నాళ్లూ కుంటుతూనే నడిచింది. నాకు ఆయన మీద అప్పుడు వచ్చిన కోపం ఇప్పటికీ పూర్తిగా పోలేదు.

సంగతి విని చర్చి అయ్యగారు ఇంటికి వచ్చారు. మెత్తటి మనిషి. "దేవుడు మనల్ని బాధపెట్టి తీసుకునేవాడు కాదయ్యా. నేను ప్రార్థన చేస్తాను. ఆ మాట నుంచి నీకు విడుదల. రేపే కొత్తది కట్టించుకో" అన్నారు. పెద్దబాపు చేతులు కట్టుకుని, "మీకు చెప్పలే గద అయ్యగారు, ఆయనకు చెప్పిన" అన్నాడు. అయ్యగారు టీ తాగి వెళ్లిపోయారు. గోడను మళ్లీ మట్టితోనే పెట్టించి, దోనెకు మళ్లీ కట్లు కట్టాడు.

ఊరేగింపులు పలచబడ్డాయి. బడి తెరిచారు. నాలాంటి వాళ్లం చదువులో వెనకబడి అదే తరగతిలో మళ్లీ కూర్చున్నాం. పెద్దలేవో మాట్లాడుకుని సర్దుకున్నారని చెప్పుకున్నారు. కొన్నేళ్లకు నుదుటి మీద మచ్చతో ఒకతను మిఠాయి పొట్లం తీసుకుని వచ్చాడు. ఆనాటి పిల్లవాడే. పట్నంలో గుమాస్తా కొలువు వచ్చిందట. పెద్దబాపు అతని గడ్డం పట్టుకుని వెలుతురు వైపు తిప్పి, మచ్చను బొటనవేలితో తడిమి, "మంచిగ మానింది" అన్నాడు. మనస్ఫూర్తిగా సంతోషపడ్డాడు. "మరి మీకు?" అని అతను అడిగాడు. "అయితది" అన్నాడు పెద్దబాపు. అతను తల దించుకున్నాడు.

కాలేదు. టెంపరరీగానే తల నెరిసింది. రిటైర్ అయ్యాడని చెప్పడానికి కూడా లేదు. పర్మినెంటు లేనివాడికి రిటైర్‌మెంటు ఏమిటి, ఒకరోజు ఇక రావద్దన్నారు. దండ లేదు, ఫొటో లేదు. ఇంటికి వచ్చి సైకిల్ గోడకు ఆనించి చేతులు కడుక్కున్నాడట. అప్పటికి నేను పెళ్లయి మొయినాబాద్ వచ్చేశాను. ఇప్పుడైనా ఆ మొక్కు సంగతి ముగించమని పోయి చెబితే, "చూద్దాం. పాత వాళ్లను మల్ల పిలుస్తరంటున్నరు" అన్నాడు. ఎవరన్నారో నేను అడగలేదు.

ఇంకొన్నేళ్లు పట్టింది ఆయనకు. ఆ ఎండాకాలం నేను వెళ్లినప్పుడు, తలుపు దగ్గరే, "చర్చికి దోనె పెట్టిస్తున్న బిడ్డా. ఇగ అయ్యేటట్టు లేదు" అన్నాడు. ఎన్నాళ్లకో ఆయన నోట ఆ మాట విని నాకు ఏడుపూ వచ్చింది, ఊపిరీ వచ్చింది. పెద్దమ్మ వెంటనే మనకెంత పొడుగు పడుతుందోనని చూరు కొలవమంది. రేకుల పనివాణ్ని వెంటబెట్టుకుని పెద్దబాపు చర్చికి పోయాడు. పనివాడు నిచ్చెన వేస్తుంటే కమిటీ పెద్ద ఒకాయన లోపలి నుంచి వచ్చి, "ఎందుకయా దండుగ? వచ్చే నెలల కప్పు ఇప్పుతున్నం. స్లాబ్ పోస్తున్నం" అని నవ్వుతూ చెప్పాడు. సంఘానికి మంచి రోజులు వచ్చాయి. అందరికీ సంతోషమే.

కొత్త చర్చి ప్రతిష్ఠకు నేనూ వెళ్లాను. అందరూ లోపల పాటలు పాడుతుంటే పెద్దబాపు బయట కట్టడం చుట్టూ తిరుగుతున్నాడు. తల పైకెత్తి ఒక గోడ వెంట నడిచి, మూల తిరిగి, ఇంకో గోడ వెంట నడిచాడు. నేను వెళ్లి పక్కన నిలబడ్డాను. ఆ కట్టడం కట్టిన మేస్త్రీని అడుగుతున్నాడు.

"వాన నీళ్లు ఏడికెల్లి పోతయి?"

"పైపులు గోడ లోపట్నె ఉన్నయి పెద్దాయనా. బయటికి కానరావు."

"చూరు?"

"స్లాబ్‌కు చూరేంది?"

పెద్దబాపు తల ఊపాడు. ఎండలో అలాగే నిలబడ్డాడు. చొక్కా జేబు మీద చెయ్యి పెట్టుకుని, "ఇగ ఎట్ల బిడ్డా" అన్నాడు. ఆ ప్రశ్న నన్నే అడిగాడో ఇంకెవరినో అడిగాడో తెలియదు. ఆశ ఉన్నన్నాళ్లు ఆగాడు, ఆశ వదిలి ఇవ్వబోతే పుచ్చుకునే చోటు లేకపోయింది. దానికి బదులు చర్చికి ఫ్యాన్లు ఇమ్మన్నాం, కుర్చీలు ఇమ్మన్నాం. "దోనె అన్న గద" అని ఒక్క మాటతో తీసేశాడు.

నేను ఊరుకోలేక మొయినాబాద్‌లో ప్లాస్టిక్ గట్టరు కొని ఆటోలో వేయించి పంపాను. పెద్దబాపు దాన్ని తిట్టలేదు, తిప్పి పంపలేదు. గోడ వారగా నేల మీద పెట్టించాడు. కోళ్లు దాంట్లో నిలిచిన నీళ్లు తాగేవి. "నేను పోయినంక పెట్టుకోండ్రి. అది నా మాట, నాతోనె పోతది" అన్నాడు. ఆ వయసులోనూ వాన పట్టిందంటే ఉడకబెట్టిన చీర పేలిక పట్టుకుని నిచ్చెన ఎక్కేవాడు. పెద్దమ్మ కుంటుకుంటూ వెళ్లి నిచ్చెన పట్టుకునేది. తిట్టుకుంటూనే పట్టుకునేది.

జ్యేష్ఠంలో, తొలి వానల్లో పోయాడు. రెండు రోజుల జ్వరం. పోయిన మూడో రోజు ప్రార్థన కూడిక అయ్యాక, వచ్చిన చుట్టాలు ఇంకా వాకిట్లో ఉండగానే పెద్దమ్మ నన్ను పిలిచి, "ఇగ పెట్టించు బిడ్డా" అంది. ఆ గొంతులో తొందర చూసి నాకు మనసు చివుక్కుమంది గానీ, ఎన్నేళ్ల తొందర అది! అయ్యగారి కొడుకే ఇప్పుడు అయ్యగారు. ఆయనా అక్కడే ఉన్నాడు. పనివాణ్ని పిలిపించాం. అతను సందులోకి నిచ్చెన వేసి ఎక్కి, పాత దోనె కట్లు కోసి కిందికి దించాడు. క్లిప్పు పెట్టి మేకు కొట్టాడు. మేకు మొత్తం దిగిపోయింది. పక్కన కొట్టాడు. అదీ దిగింది. చేత్తో చూరు కట్టెను పట్టుకుంటే పొడి పొడిగా రాలింది.

"అమ్మా, దీంట్ల కట్టె లేదు. అంత పిండె ఉన్నది" అన్నాడు పైనుంచి. "గట్టర్ దేనికి కొట్టాలె? ముందుగాల కప్పు మార్చాలె. కప్పు మార్చాల్నంటె గీ గోడ ఆగది."

పెద్దమ్మ చిన్న అయ్యగారి వైపు తిరిగి, "మొక్కు తీరినట్టా అయ్యగారు, తీరనట్టా?" అని అడిగింది. ఆయన బైబిల్‌ను ఒక చేతిలోంచి ఇంకో చేతిలోకి మార్చుకున్నాడు.

నేను ఆమెను నాతో మొయినాబాద్ రమ్మన్నాను. ఆమె రాలేదు. అరుగు మీద కూర్చుని, వంకర పాదాన్ని రెండు చేతులతో పట్టుకుని, "ఇన్ని దినాలు ఆయన మీద కోపంతోనె బతికిన బిడ్డా. ఇగ ఎవరి మీద చెయ్యాలె?" అంది.

ఆ వానాకాలంలోనే వంటింటి గోడ మళ్లీ పడింది. ఈసారి దాన్ని ఎవరూ పెట్టలేదు. పెద్దమ్మ ముందుగదిలో పొయ్యి పెట్టుకుంది.